పగలు చెప్పకూడని కథ

మా పక్కింటి టాంట్ పగటిపూట కథ చెప్పేది కాదు.

మిగతావన్నీ చెప్పేది. చేపల్ని నిమ్మకాయతో ఎలా కడగాలో, న్యూయార్క్‌లో నర్సింగ్ హోమ్‌లో పనిచేసినప్పుడు ఏ ముసలాయన తనని పెళ్ళాడతానని వెంటపడ్డాడో, అన్నీ. కానీ "టాంట్, మీ ఊరి కథ ఒకటి చెప్పండి" అంటే మాత్రం కిటికీ వైపు చూసేది. బయట మా అరిజోనా చాండ్లర్ ఎండ మండిపోతూ ఉండేది. "పొద్దు కుంకనీ అమ్మాయ్" అనేది. వాళ్ళ హైతీలో పగలు కథ చెబితే ఇంట్లో ఎవరో ఒకరు పోతారట. మా అమ్మమ్మ కూడా ఇలాంటిదే ఒకటి అనేది, పగలు కథలు చెప్పుకుంటే మేనమామలు దారి తప్పుతారని. నాకు మేనమామలు బోలెడుమంది, ఒక్కడూ తప్పలేదు, ఇప్పటికీ పెళ్ళిళ్ళకి అందరికంటే ముందే వచ్చి కూర్చుంటారు. అందుకని టాంట్ మాటకి నేను నవ్వేసేదాన్ని. ఇప్పుడు నవ్వను.

టాంట్ అంటే వాళ్ళ భాషలో అత్తయ్యో పిన్నో అలాంటిదే. అలాగే పిలవమని తనే చెప్పింది. నేను అప్పుడు హెచ్-ఫోర్ వీసా మీద ఉన్నాను. అంటే మా ఆయన కంప్యూటర్ చిప్పుల కంపెనీలో పనిచేస్తాడు, నేను ఇంట్లో పనిచేస్తాను, ఆయన పనికి వీసా ఉంది, నా పనికి లేదు. పక్కింట్లో టాంట్, ఆవిడ కొడుకు. ఆయనదీ చిప్పుల కంపెనీయే, యాభైకి దగ్గర పడ్డ మనిషి, పెళ్ళి చేసుకోలేదు. పొద్దున్న మగవాళ్ళిద్దరి కార్లూ వెళ్ళిపోయాక ఆ వీధిలో మిగిలేది మేమిద్దరం ఆడవాళ్ళమే.

ఆవిడతో పరిచయం ఒక జనవరి ఒకటో తారీఖున. తలుపు తీసేసరికి ఎదురుగా పొడుగాటి ముసలావిడ, తలకి తెల్లగుడ్డ, చేతిలో మూతపెట్టిన గిన్నె. "హ్యాపీ ఇండిపెండెన్స్" అంది. న్యూ ఇయర్ అనబోయి తడబడిందనుకున్నా. కాదట. ఆ రోజు వాళ్ళ స్వాతంత్ర్య దినం. గిన్నెలో గుమ్మడికాయ సూప్. తెల్లదొరల కాలంలో ఆ సూప్ బానిసలు వండాలి, దొరలు తాగాలి. వండినవాళ్ళు వేలు ముంచి నాకినా ఒప్పుకునేవాళ్ళు కాదు. బానిసలంతా తిరగబడి దొరల్ని తరిమేశాక ఇంటింటా అదే సూప్ కాచుకుని తాగారట. అప్పట్నించి ప్రతి ఏడూ ఆ రోజున ఎరిగినవాళ్ళందరికీ ఒక గిన్నె పంపాలి.

అంత చరిత్ర విని నేను అడిగిందేంటంటే, "ఇందులో తేలుతున్నదేం మాంసమండీ?" అని. నా నోరు అలాంటిది. బీఫ్ అంది. "అయ్యో, మేం తినం" అన్నాను. ఇంకొకరైతే మొహం మాడ్చుకునేవాళ్ళు. ఆవిడ మూత పెట్టేసి, "ఎవరో వద్దంటే మానేశారా, మీ అంతట మీరే మానేశారా?" అని అడిగింది. మా అంతట మేమేనన్నాను. "అయితే సరే" అని, మర్నాడు మాంసం లేకుండా మళ్ళీ కాచి పట్టుకొచ్చింది. నేను రెండు గిన్నెలు తాగాను.

ఆ జనవరిలోనే వాళ్ళ దేశంలో భూకంపం వచ్చింది. నాకు అంతకుముందు హైతీ అంటే మ్యాప్‌లో ఎక్కడుందో కూడా తెలియదు, ఆ వారమంతా టీవీలో అదే. కూలిన ఇళ్ళు, దుమ్ము కొట్టుకున్న మనుషులు. టాంట్ చెల్లెలు ఒకావిడ అక్కడ వాళ్ళ పాత ఇంట్లోనే ఉండేది, ఆవిడ పోయింది. నేను పరామర్శకి వెళితే టాంట్ ఏడవడం లేదు. టీవీకి మొహం ఆనించినంత దగ్గరగా కూర్చుని ఉంది. నా వైపు తిరక్కుండానే, "గేటు పడిపోయిందో లేదో కనిపించిందా నీకు?" అంది. "ఏ గేటు టాంట్?" అన్నాను. చెల్లెలు పోతే ఎవరైనా గేటు గురించి అడుగుతారా? దుఃఖంలో మతి చెదిరిందనుకుని, టీ పెట్టిచ్చి వచ్చేశాను. కానీ ఆ ప్రశ్న నా వెంట ఇంటిదాకా వచ్చింది.

ఎండాకాలం మొదలయ్యేసరికి ఆవిడ లైబ్రరీలో శనివారం పొద్దున్న జరిగే కథల వర్క్‌షాప్‌లో చేరతానంది. కార్ నేను డ్రైవ్ చేయాలి కాబట్టి నేనూ చేరాను. "పగలు కథ చెప్పకూడదు కదా టాంట్?" అని ఏడిపించాను. "చెప్పకూడదు. రాయొచ్చు" అంది. దానికెవరు అడ్డొస్తారు!

ఆ వర్క్‌షాప్‌కి ఒక రూల్ ఉంది. ఒకరి కథ చదివి అందరూ మాట్లాడుతున్నంతసేపూ రాసినవాళ్ళు నోరు విప్పకూడదు. ఇంకో రూల్, అది మరీ గట్టిది: "ఇది నిజంగా జరిగిందా?" అని ఎవరూ ఎవర్నీ అడగకూడదు. కథ కథే. నడిపే ఆయన రిటైరైన ఇంగ్లీష్ టీచర్, మంచివాడే, కానీ ఆ రూల్ దగ్గర మాత్రం పిల్లల పరీక్ష హాల్లో తిరిగినట్టు తిరిగేవాడు.

టాంట్ రాసిన మొదటి కథ రెండు పేజీలు. సాయంత్రం వేళ ఒకావిడ మిషన్ మీద బట్టలు కుడుతూ ఉంటుంది. భర్త బడిపంతులు, లోపల పిల్లల నోట్‌బుక్స్ దిద్దుతుంటాడు. గేటు బయట ఎవరో "ఒనే" అంటారు. వాళ్ళ ఊళ్ళలో మర్యాద అది. వచ్చినవాళ్ళు గేటు బయట నిలబడి "ఒనే" అనాలి, గౌరవం అని అర్థం. ఇంట్లోవాళ్ళు "రెస్పే" అని బదులివ్వాలి, మర్యాద అని. బదులొచ్చిందంటే లోపలికి రమ్మన్నట్టే. కథలో ఆవిడ బదులివ్వదు. మళ్ళీ పిలుస్తారు. ఇవ్వదు. కంతలోంచి చూస్తే సందులో ఒక మనిషి, నల్ల కళ్ళద్దాలు, భుజాన గడ్డితో అల్లిన సంచి. తెల్లారి లేచేసరికి పక్కమీద భర్త ఉండడు. దుప్పటి మీద అతను పడుకున్న గుంట అలాగే ఉంటుంది. గేటుకి లోపలి గడియ వేసినది వేసినట్టే ఉంటుంది. అంతే కథ.

చదవడం అయ్యాక అందరూ మాట్లాడ్డం మొదలెట్టారు. సంచి దేనికి సింబల్, గడియ దేనికి సింబల్. ఒకాయన, అరిజోనాకి చలికాలం గడపడానికొచ్చి ఉండిపోయిన రకం, ఆ భర్త జాంబీ అయ్యాడా అని అడిగాడు. మ్యాజికల్ అన్నారు, బ్యూటిఫుల్ అన్నారు. టాంట్ రూల్ ప్రకారం నోరు మూసుకుని కూర్చుంది. నాకు మాత్రం ఆ సంచి సింబల్‌గా అనిపించలేదు. ఎందుకంటే ఆ సంచివాణ్ణి నేనెరుగుదును. అన్నం తినకపోతే బూచాడొచ్చి సంచిలో వేసుకుపోతాడని మా అమ్మ రోజూ బెదిరించేది. వాడు ఇంత దూరం ఎలా వచ్చాడు?

కార్ ఎక్కగానే అదే అన్నాను. "టాంట్, మీ సంచివాడు మా బూచాడే." ఆవిడ నవ్వింది. వాళ్ళమ్మ కూడా అలాగే బెదిరించేదట, అల్లరి చేస్తే సంచి మామయ్య ఎత్తుకుపోతాడని. "మీ బూచాడి చేతికి ప్రభుత్వం తుపాకీ ఇచ్చిందా?" అని అడిగింది. లేదన్నాను. "మా వాడికిచ్చింది." వాళ్ళ దేశాన్ని ఏలినవాడు ఒక సొంత దండు పెట్టుకుంటే, జనం దానికి ఆ సంచి మామయ్య పేరే పెట్టారట. వాళ్ళు తీసుకుపోయినవాళ్ళు తిరిగొచ్చేవాళ్ళు కాదు కాబట్టి. నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని పట్టపగలు తిరిగేవాళ్ళట.

నేను ఉండబట్టలేక అడక్కూడనిది అడిగేశాను. "టాంట్, ఇది నిజంగా జరిగిందా?"

ఆవిడ విండ్‌షీల్డ్‌లోంచి ఆ పిచ్చి ఎండ కేసి చూసింది. "పొద్దు కుంకనీ" అంది.

ఆ తర్వాత నేను లైబ్రరీలో హైతీ వాళ్ళు రాసిన కథల పుస్తకాలు ఏవి దొరికితే అవి తెచ్చుకుని చదవడం మొదలెట్టాను. పగలంతా నాకేం పని? పది పేజీల కథ, పన్నెండు పేజీల కథ. నేను హిస్టరీలో మంచి మార్కులు తెచ్చుకున్నదాన్నే, కానీ బానిసత్వం అనే మాట నాకు మాటగానే తెలుసు. ఒక కథ చదివాక అది నా వంటింట్లోకొచ్చి కూర్చుంది. జాంబీ అంటే సినిమాల్లో మనుషుల్ని కొరికేది అనుకునేదాన్ని. వాళ్ళ కథల్లో జాంబీ ఎవర్నీ కొరకడు, పాపం. చచ్చిపోయినవాణ్ణి లేపి చెరుకుతోటలో పనిచేయించుకుంటారు. ఉప్పు నాలిక్కి తగిలితే వాడికి తెలివొచ్చి తన సమాధి వెతుక్కుంటూ వెళ్ళిపోతాడట, అందుకని చప్పిడి తిండే పెడతారు. చచ్చాక కూడా చాకిరీ తప్పదేమో అనే భయం ఎవరికి పుడుతుంది చెప్పండి? బతికున్నన్నాళ్ళూ చాకిరీ తప్ప ఇంకేమీ ఎరగనివాళ్ళకి పుడుతుంది. నాకు అది ఏ పాఠంలోనూ ఎవరూ చెప్పలేదు.

చదివేకొద్దీ భయం కూడా పట్టుకుంది, దాచుకోవడమెందుకు. మా వీధిలో మధ్యాహ్నం మనిషి కనిపించడు. అన్ని గ్యారేజ్ తలుపులూ మూసి ఉంటాయి, నీడలు కూడా ఇళ్ళకి అతుక్కుపోయి ఉంటాయి. అంత వెలుతురులో, ఇంటి పక్క గేటు బయట ఎవరో నిలబడి బదులు కోసం చూస్తున్నారని అనిపించేది. లేచి చూసేదాన్ని. కంకర రాళ్ళు, ఒక బల్లి. మళ్ళీ కూర్చుంటే మళ్ళీ అదే. మా ఊళ్ళో కూడా పేరు పెట్టి ఎవరైనా పిలిస్తే రెండుసార్లదాకా పలకొద్దనేవాళ్ళు. మా ఆయనతో చెబితే, "ఇంకో పుస్తకం తెచ్చుకో, ఈసారి వంటలది" అన్నాడు. ఆయనకేం, ఆఫీస్‌లో ఉంటాడు.

మరుసటేడు వేసవి ముందు టాంట్ కొడుకు మా ఇంటికొచ్చాడు. అమ్మకి మతిమరుపు జబ్బని డాక్టర్ చెప్పాడన్నాడు. చెప్పుల్ని ఫ్రిజ్‌లో పెడుతోందట. మధ్యాహ్నాలు వెళ్ళి చూస్తుండగలనా అని అడిగాడు. దానికి అడగాలా, ఎలాగూ వెళుతూనే ఉన్నానుగా అన్నాను. వెళుతూ వెళుతూ, "అమ్మ ఏవేవో చెబుతుంది. ఈ జబ్బున్నవాళ్ళు లేనివి కల్పించుకుంటారని డాక్టర్ అన్నాడు. నమ్మకండి" అన్నాడు. "మీ నాన్నగారు?" అని అడిగాను, ఊరికే. "నాకు నాలుగేళ్ళప్పుడు వేరే ఆవిడతో వెళ్ళిపోయాడు" అన్నాడు. రేపు ఎండ ఎంతుంటుందో చెప్పినట్టు చెప్పాడు. నేను తలుపు పట్టుకుని అలాగే నిలబడిపోయాను. బడిపంతులు, నోట్‌బుక్స్, దుప్పటి మీద గుంట, ఇవన్నీ మరి ఎవరివి?

జూలైలో ఒక సాయంత్రం, ఇంకా ఎండ ఉండగానే, నేను వాళ్ళింట్లో టాంట్‌తో కూర్చుని చిక్కుళ్ళు ఒలుస్తున్నాను. కొడుకు ఇంకా ఆఫీస్‌లోనే ఉన్నాడు. టీవీలో దుమ్ము తుఫాన్ అని హెచ్చరిక వచ్చింది. అరిజోనాలో అది మామూలే కదా అని లేచి చూస్తే, దక్షిణాన నేల మీంచి ఆకాశందాకా ఒక గోధుమరంగు గోడ. అది నడుచుకుంటూ వస్తోంది. చప్పుడు లేదు. ముందు ఆ చివరి ఇల్లు పోయింది, తర్వాత దాని పక్కిల్లు, తర్వాత వీధి దీపం. కిటికీ దాకా వచ్చి, లోపలికి చూసి, మూసేసింది. కరెంట్ పోయింది. ఓరి దేవుడో, అంత ఎండ ఉన్న వేళ నా చెయ్యి నాకు కనపడలేదు.

చీకట్లోంచి టాంట్ గొంతు, చాలా నిమ్మళంగా, "పొద్దు కుంకింది" అంది.

తర్వాత, "క్రిక్?" అంది.

పుస్తకాల పుణ్యమా అని అదేంటో నాకు తెలుసు. హైతీలో కథ చెప్పేవాళ్ళు ముందు "క్రిక్?" అని అడుగుతారు. వినేవాళ్ళు "క్రాక్!" అంటేనే కథ. అనకపోతే లేదు. నాకు వద్దనిపించింది. నిజంగా వద్దనిపించింది. కానీ ఆవిడ చీకట్లో ఎదురు చూస్తోంది. "క్రాక్" అన్నాను.

చెప్పింది. నేను మన అలవాటు కొద్దీ ఊఁ కొడుతూ ఉన్నాను, ఎక్కడైనా ఊఁ మర్చిపోతే ఆవిడ ఆగిపోయేది.

సాయంత్రం. మిషన్. గేటు బయట "ఒనే". చాలా మర్యాదైన గొంతట, చుట్టాల గొంతులా ఉందట. "రాసిన కథలో ఆవిడ పలకదు" అంది. "ఊఁ." "నేను పలికాను." ఇక్కడ మాత్రం ఆవిడ నా ఊఁ కోసం ఆగలేదు. "చిన్నప్పట్నించీ నేర్పిన మర్యాద అమ్మాయ్. గేటు బయట ఆ మాట వినపడితే నోరు దానంతటదే పలుకుతుంది. చేతిలో బట్ట కూడా దించలేదు. రెస్పే అన్నాను. గేటు తీసుకుని వచ్చారు." భర్త నోట్‌బుక్ మూసి, కలం మూత పెట్టి, తనే బయటికొచ్చి వాళ్ళతో వెళ్ళిపోయాడట, పిల్లాడున్న గదిలోకి వాళ్ళు రాకుండా. క్లాసులో పిల్లలకి ఏదో పద్యం చెప్పాడట, అది వాళ్ళకి నచ్చలేదు. అంతే నేరం.

మర్నాడు పొద్దున్న అదే మనుషులు మళ్ళీ వచ్చారు. ఏమీ తెలియనట్టు, "మీ ఆయన ఎక్కడమ్మా?" అని అడిగారు. దానికి ఒకటే సరైన జవాబు. మీరే తీసుకుపోయారు అంటే తననీ తీసుకుపోతారు. పిల్లాడు తన గౌను వెనకే నక్కి ఉన్నాడు. "ఇంకో ఆడదానితో జెరెమీ ఊరికి పారిపోయాడు" అంది. వాళ్ళు నవ్వారట. తనూ నవ్విందట. పిల్లాడు అది విన్నాడు.

"తర్వాత చెప్పలేదా టాంట్? న్యూయార్క్ వచ్చాకైనా?"

"చెబుదామనే. ముందు చిన్నవాడు, బళ్ళో వాగేస్తాడని. తర్వాత వాడికి తండ్రి మీద కోపం ముదిరింది. ఆ కోపంతోనే చదివాడు. పైగా చెబితే, గేటు ఎవరు తీయించారని అడుగుతాడు కదా." ఈ సంగతి ఇంకెవరికీ తెలియదట, తెలిసిన చెల్లెలు కూలిన ఆ ఇంటి కిందే పోయింది. "వాళ్ళ నాన్న వాణ్ణి వదిలి పోలేదని వాడు నమ్మాలి, నా బుర్ర మొత్తం పోయేలోగా. ఇంకేం వద్దు నాకు. కానీ ఇప్పుడు చెబితే జబ్బు మాటలంటాడు."

బయట గాలి అందుకుంది. ఇంటి పక్క గేటు కొట్టుకుంటోంది, ఆగి ఆగి, ఎవరో చేత్తో తడుతున్నట్టు. టాంట్ మాట ఆపి విన్నది. తర్వాత ఆ చప్పుడుకి, మెత్తగా, అతిథికి చెప్పినట్టు, "రెస్పే" అంది.

తడుముకుంటూ వెళ్ళి ఆవిడ చెయ్యి పట్టుకున్నాను, అది మంచులా ఉంది. తుఫాన్ వెలిసి కరెంట్ వచ్చేసరికి గది నిండా సన్నటి దుమ్ము, చిక్కుడు గింజల మీద కూడా. టాంట్ నన్ను చూసి, "నువ్వెప్పుడొచ్చావు?" అంది.

నేను ఆ కథ రాశాను. నా ఇంగ్లీష్ సంగతి నాకు తెలుసు, అయినా రాశాను. తెలివి బాగున్న రోజుల్లో టాంట్‌కి చదివి వినిపిస్తే దిద్దేది. కలం మూత పెట్టిన సంగతి తీసేయబోతే ఒప్పుకోలేదు, అదే ఉండాలంది. ఆ ఏడాది చివర్న వర్క్‌షాప్ వాళ్ళు అందరి కథలూ కలిపి చిన్న పుస్తకం వేశారు. టాంట్ మొదటి కథ, దాని వెనకే ఇది, రెండూ ఆవిడ పేరుతోనే. కొడుకు చేతిలో నేనే పెట్టాను.

వారం తర్వాత డ్రైవ్‌వేలో ఎదురుపడ్డాడు. పుస్తకం తిరిగిచ్చాడు. "బాగా రాసింది" అన్నాడు. అంతేనా అన్నాను. "మొదటి కథలో ఆవిడ పలకదు, గేటుకి గడియ ఉంటుంది. రెండోదాంట్లో పలుకుతుంది, గేటు తీస్తారు. రెండూ మా అమ్మవే. ఏది నిజం? మాటలు మారతాయనే డాక్టర్ కూడా చెప్పాడు."

నాకు ఒళ్ళు మండిపోయింది. "మొదటిది మీ అమ్మ జరగాలనుకున్నది. రెండోది జరిగింది. ఆ మాత్రం తెలియడానికి డాక్టర్ కావాలా మీకు? మీకు మీ నాన్న మీద కోపం కావాలి, అది పోతే మీ దగ్గరేం మిగలదని భయం" అన్నాను. అనకూడని మాటే, కానీ అన్నాను. ఆయన కోప్పడలేదు. లోపలికి వెళ్ళిపోయాడు, గ్యారేజ్ తలుపు మెల్లగా కిందికి దిగింది. ఆ రోజు రాత్రి నేను అన్నం తినలేకపోయాను. మూర్ఖుడు, మూర్ఖుడు అని తిట్టుకుంటూనే ఉన్నాను.

చలికాలంలో టాంట్‌కి జబ్బు త్వరత్వరగా ముదిరిపోయింది. ముందు నా పేరు పోయింది. తర్వాత ఇంగ్లీష్ పోయింది. వాళ్ళ క్రియోల్ ఒక్కటే మిగిలింది. కొడుకు చిన్నప్పుడు వదిలేసిన ఆ భాషని మళ్ళీ నేర్చుకోవాల్సి వచ్చింది, కార్‌లో సీడీలు పెట్టుకుని, తల్లికి నీళ్ళు కావాలా, నొప్పిగా ఉందా అని అడగడానికి. అది మాత్రం ఓపిగ్గా చేశాడు, ఒప్పుకోవాలి. ఆయన తన కొడుకన్న సంగతి ఆవిడకి తెలియడం లేదు. ఎవరో మంచి మనిషి అన్నం పెడుతున్నాడనుకునేది. కథ చెప్పించుకోవడానికి ఇంక మిగిలిందేం లేదని ఆయన నమ్ముతాడన్న ఆశ నేను వదులుకున్నాను.

వసంతంలో ఒక ఆదివారం పొద్దున్న గంజిలాంటిది కాచి పట్టుకెళ్ళాను. టాంట్ హాల్లో కుర్చీ పట్టుకుని నిలబడి ఉంది. కొడుకు అప్పుడే బయట చెట్లకి నీళ్ళు పెట్టి, తలుపు తీసుకుని లోపలికొచ్చాడు. వెలుతురు ఆయన వెనక ఉంది. ఏమనుకున్నాడో, క్రియోల్‌లో ఏదో అడిగాడు. చిన్న ప్రశ్న.

టాంట్ మొహం మారిపోయింది. అలాంటి మార్పు నేను మళ్ళీ ఎక్కడా చూడలేదు, చూడకూడదు కూడా. భయం వచ్చి, వచ్చినంత వేగంగా మాయమై, దాని మీద ఒక నవ్వు పరుచుకుంది. సిగ్గులేని, చవకబారు నవ్వు, అది ఆవిడది కానే కాదు. గబగబా ఏదో చెప్పింది. అందులో "జెరెమీ" అన్న మాట నాకు తెలిసింది. చెబుతూ కుడిచెయ్యి తన వెనక్కి పెట్టి, నడుము కిందుగా, అక్కడ ఏమీ లేనిచోట, గట్టిగా అదిమి పట్టుకుంది. ఎవరో తల పైకెత్తబోతుంటే ఎత్తనివ్వనట్టు.

కొడుకు ఆ చేతినే చూస్తున్నాడు. నాతో, ఇంగ్లీష్‌లో, "మీ ఆయన ఎక్కడ అని అడిగాను. నాన్న అంటే ఆమెకి అర్థం కాదని అలా అడిగాను" అన్నాడు. "నా తల మీద ఆ చెయ్యి నాకు గుర్తుంది. నొప్పి పుట్టేలా నొక్కింది. అమ్మకి నా మీద ఎందుకంత కోపమో అనుకున్నాను."

నేను ఏడుస్తూ, "చెప్పండి, నమ్మానని చెప్పండి ఆవిడకి" అన్నాను. ఆయన ఒక అడుగు ముందుకు వేశాడు. టాంట్ ఒక అడుగు వెనక్కి వేసింది, చెయ్యి తియ్యకుండా, నవ్వు తియ్యకుండా. ఆవిడ కళ్ళలో ఆయన ఎవరో అప్పుడు మా ఇద్దరికీ అర్థమైంది. నమ్మానని ఎవరొచ్చి చెప్పినా అది ఆవిడకి చేరదు.

ఆయన ఆగిపోయాడు. గొంతు సవరించుకుని, నిటారుగా నిలబడి, క్రియోల్‌లో పొడిగా నాలుగు మాటలు అన్నాడు. అని, వెనక్కి తిరిగి బయటికి నడిచాడు. నేనూ వెనకే వెళ్ళాను. వాకిట్లో ఎండలో ఆయన గోడ పట్టుకుని కూలబడ్డాడు. ఏమన్నారని అడిగాను. "సరేనమ్మా, పొరపాటైంది, ఇంక ఈ ఇంటికి రాము అన్నాను."

తలుపు ఓరగా ఉంది. లోపల టాంట్ మెల్లగా, కిందికి వంగి మాట్లాడుతున్నట్టు, ఎవరితోనో మాట్లాడుతోంది. ఆయన మొహం తుడుచుకోవడం ఆపి విన్నాడు.

"ఏమంటోంది?" అన్నాను.

"సంచి మామయ్య వెళ్ళిపోయాడు బాబూ, నిజంగా వెళ్ళిపోయాడు" అన్నాడు. "ఇంక ఊపిరి పీల్చుకో అంటోంది నాతో."